గొర్రెల మేతభూమి మీద కట్టిన ఊరు: సీ రాంచ్‌లో రెండు రాత్రులు

సీ రాంచ్ కాలిఫోర్నియా ఉత్తర తీరంలో ఉంది. దారిలో జెన్నర్ అనే చిన్న ఊరు దాటాక ఒకటో నంబరు రహదారి కొండ అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి. అమ్మ కోసం రెండుసార్లు కారు ఆపాం. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దూరం 160 కిలోమీటర్లే అయినా, పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగి వద్దామనుకోవద్దు. కనీసం రెండు రాత్రులు ఉండండి.

ఊరు వచ్చిన సంగతి వెంటనే తెలియదు. రంగు వేయని చెక్క ఇళ్లు ఎండుగడ్డిలో కలిసిపోయి ఉంటాయి. ప్రహరీలు లేవు, వీధిదీపాలు లేవు. ఒకప్పుడు ఇదంతా గొర్రెలు మేసిన రాంచ్. 1963లో ఓషియానిక్ ప్రాపర్టీస్ అనే సంస్థ దీన్ని కొని, సుమారు పది మైళ్ల తీరం పొడవునా ఇళ్లు కట్టించాలనుకుంది. ఊరి నమూనా గీసే పని చేపట్టిన భూదృశ్య రూపశిల్పి లారెన్స్ హాల్‌ప్రిన్ ముందు ఇక్కడి గాలి తీరును గమనించాడు. రాంచ్ కాలంలోనే గాలికి అడ్డంగా నాటిన సైప్రస్ చెట్ల వరుసలను కొట్టివేయకుండా, వాటి వెంబడే ఇళ్లు పెట్టి, నడుమ మైదానాన్ని ఖాళీగా ఉంచారు. "మన సరుగుడు తోటల లాగే వేశారు" అంది అమ్మ, కారు దిగుతూనే. ఆమెది బాపట్ల. సముద్రపు గాలి అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

మేము అద్దెకు తీసుకున్నది అలాంటి సైప్రస్ వరుస చివరి ఇల్లు. చూరు లేదు, కప్పు ఒకే వైపు వాలి ఉంది. బయట చెవులు గింగురుమనే గాలి వీస్తుంటే, ఇంటి వెనక చిన్న వసారాలో అమ్మ టీ గ్లాసు పట్టుకుని కొంగు కూడా కదలకుండా కూర్చుంది. ఈ ఇళ్ల గొప్పతనం నాకు అక్కడే అర్థమైంది. అద్దె ఇప్పించిన సంస్థ మీద మాత్రం నాకు కోపం ఉంది. శుభ్రం చేసినందుకంటూ చివరి నిమిషంలో కలిపిన రుసుము ఒక రాత్రి అద్దెలో సగం దాకా వచ్చింది. మొత్తం ఎంతో ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. కూరగాయలు, పాలు పక్క ఊరు గువలాలాలో దొరుకుతాయి. బియ్యం, పప్పు, పోపు సామాను ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు.

ఊళ్లోని సీ రాంచ్ లాడ్జిలో కాఫీ బాగుంది, కిటికీ పక్కన కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. కానీ కుటుంబంతో వెళ్తే వంటగది ఉన్న ఇల్లే నయం. జేమ్స్ హబెల్ రూపొందించిన చిన్న ప్రార్థనామందిరం తప్పక చూడాలి. 1985లో కట్టారు. దాని కప్పు రెక్క విప్పుతున్న పక్షిలా ఉంటుంది. లోపల రంగుటద్దాల వెలుగు చెక్క బల్లల మీద పడుతుంటే అమ్మ చెప్పులు విప్పి కూర్చుంది. అరగంట దాకా లేవలేదు.

ఇంత అందమైన తీరం మొదట ఇళ్ల యజమానులకే పరిమితం కాబోయింది. ఆ కలత 1972లో కాలిఫోర్నియా ఓటర్లు తీరరక్షణ ప్రతిపాదనను గెలిపించడానికి ఒక కారణం. ఆ తర్వాత ఏళ్ల తరబడి వివాదం నడిచి, 1980లో వచ్చిన చట్టంతో అందరికీ దారులు తెరుచుకునే ఒప్పందం కుదిరింది. ఇక్కడ ఇల్లు తీసుకోని వాళ్లు కూడా కారు నిలిపే రుసుము కట్టి ఆ దారుల్లో బీచ్‌కు దిగవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది గువలాలా పాయింట్ పార్కు నుంచి కొండ అంచున సాగే కాలిబాట. సముద్రం ఎవరి సొత్తూ కాదని పోరాడినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకుని నడిచాను.

రెండో రోజు సాయంత్రం మైదానంలో గొర్రెల మంద కనిపించింది. కార్చిచ్చు పాకకుండా ఎండుగడ్డిని మేయించడానికి వాటిని ఇప్పటికీ తెస్తారు. చీకటి పడ్డాక మా కిటికీల తెరలు దించి బయటికి వచ్చాం. పాలపుంత కొండ మీది నుంచి సముద్రం దాకా పరుచుకుని ఉంది. చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూశాక మళ్లీ ఇప్పుడే చూస్తున్నానంది అమ్మ.

మేము వెళ్లింది సెప్టెంబరులో. సీల్‌ పిల్లలను చూడాలంటే వసంతంలో వెళ్లాలి. అమ్మ ఇండియాకు తిరుగు ప్రయాణం మే నెలలో కాబట్టి, ఏప్రిల్‌కు అదే సైప్రస్ వరుసలో ఇల్లు వెతుకుతున్నాను, ఈసారి నేరుగా యజమాని దగ్గరే.