వాక్కాయ చెట్టుతో తొమ్మిదేళ్లు

మార్కాపురం దగ్గర మా ఇంటి ప్రహరీ పక్కన 2016 వానాకాలంలో రెండు వాక్కాయ మొక్కలు నాటాను. ఒకటి నర్సరీలో కొన్న అంటు మొక్క. రెండోది మా అత్తయ్య వాళ్ల ఊరి నుంచి తెచ్చిన గింజ మొక్క. మూడేళ్ల తర్వాత డాబా మీద సగానికి కోసిన డ్రమ్ములో ఇంకొకటి పెట్టాను. వాక్కాయ వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను.

మొదటి ఏడాదే అంటు మొక్కను దాదాపు చంపుకున్నాను. నర్సరీలో రోజూ నీళ్లు పోయమన్నారు, పోశాను. పాదు కూడా లోతుగా తీశాను. వానలకు అందులో నీళ్లు నిలిచి ఆకులు పసుపు రంగుకు మారి రాలిపోయాయి. అత్తయ్య చూసి, "గుట్టల మీద పెరిగేదానికి ఇన్ని నీళ్లెందుకమ్మా" అని పాదు పూడ్పించి, మొదలు దగ్గర మట్టి ఎత్తు చేయించింది. నెల తిరిగేసరికి కొత్త చిగురు వచ్చింది. అప్పటి నుంచి రెండు ఎండాకాలాలు వారానికోసారి నీళ్లు పోశాను. మూడో ఏడు నుంచి కాయ ఊరే వైశాఖంలో రెండు మూడు తడులు తప్ప ఏమీ లేదు. మాది గులకరాళ్ల ఎర్రనేల. అందులోనే ఏడాది పొడవునా పచ్చగా ఉంది. ఎరువంటే ఏడాదికోసారి రెండు గంపల పశువుల పెంట, అంతే. ఒకసారి లేత కొమ్మలకు పిండినల్లి పడితే వేపనూనె కొట్టాను, పోయింది.

మాఘం చివర పూత మొదలవుతుంది. కొమ్మల చివర గుత్తులుగా తెల్లటి పూలు, మల్లెను తలపించే వాసన. పొద్దున్నే తేనెటీగల మోత వరండాలోకి వినిపిస్తుంది. కాయ కోసమే పెట్టుకున్నా, ఆ నెల రోజులు నాకు పూలే ఇష్టం. ఇది గన్నేరు కుటుంబం మొక్క, ఎక్కడ తుంచినా పాలు కారతాయి. గన్నేరు విషం కదా అని మా పక్కింటావిడ భయపడింది. వాక్కాయ మన వాళ్లు తరతరాలుగా తింటున్నదే, ఆ భయం అక్కర్లేదు.

గింజ మొక్క నాలుగో ఏట, అంటు మొక్క మూడో ఏట కాపుకొచ్చాయి. ఇప్పుడు ఒక్కో చెట్టుకు నాలుగు కిలోల దాకా వస్తున్నాయి. 2021లో మాత్రం దాదాపు సున్నా. గోడ దాటి పెరిగిందని సంక్రాంతి వెళ్లగానే బాగా కత్తిరించేశాను. పూత వచ్చేది కొమ్మల చివరే కాబట్టి ఆ ఏడు పువ్వే లేదు. కత్తిరింపులు కాయ కోత అయ్యాకే చేయాలి.

ముళ్ల గురించి దాచకుండా చెప్పాలి. ఒక్కోటి అంగుళం పైనే ఉంటుంది, జంటలుగా, గట్టిగా. కంచెగా మూడడుగులకొకటి వేస్తే మేక కూడా దూరదు. చిన్నపిల్లలు ఆడుకునే చోట, నడిచే దారి పక్కన మాత్రం వద్దు. మా చిన్నవాడి అరచేతిలో దిగిన ముల్లు తీయించడానికి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. కత్తిరించిన కొమ్మలు కూడా అదే రోజు ఏరేయాలి, ఎండిన ముల్లు చెప్పులోంచి దిగుతుంది. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కోసి చేతికి తొడుగుగా కుట్టుకున్నాను, కోతకు అదే వాడతాను.

పప్పుకు, పచ్చడికి గులాబీ చార పడ్డ కాయే కోయాలి, పులుపు బాగుంటుంది. తరిగే ముందు చేతికి, కత్తికి నూనె రాసుకుంటే పాల జిగురు అంటదు. సగానికి చీల్చి, గింజ తీసి ఉప్పునీళ్లలో వేయాలి. గ్లాసు కందిపప్పుకు పన్నెండు కాయలు మాకు సరిపోతాయి, చింతపండు అక్కర్లేదు. పులిహోర కూడా చేస్తాను. కాయ నల్లగా పండితే తియ్యబడుతుంది, అవి పిల్లలకు, పిగిలిపిట్టలకు. జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ కాయలోనే ఎక్కువ కాబట్టి, అది విడిగా కలపకుండానే జెల్లీ గట్టిపడుతుంది. బేకరీ కేకుల మీద ఎర్రటి చెర్రీ అని మనం తినేది చాలాసార్లు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే.

డ్రమ్ములోది నాకు తృప్తినివ్వలేదు. బతికింది, పూసింది, కానీ ఏడాదికి అరకిలో దాటదు, ఎండాకాలం రెండు రోజులకోసారి నీళ్లు అడుగుతుంది. నేల లేనివాళ్లు పూల కోసం పెట్టుకోవచ్చు, పచ్చళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. కొనేవాళ్లు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, కొంకణ్ బోల్డ్ వంటి రకాల పేర్లు అడిగి చూడండి. గింజలతో వేసుకుంటే మాత్రం పండు తిన్న వారంలోపే నాటాలి, ఎండబెట్టి దాస్తే మొలవవు. నేను దాచిన పొట్లంలో ఒక్కటీ రాలేదు. పచ్చిగా నాటిన ఇరవైలో పద్నాలుగు మొలిచాయి. వాటిలో ఆరు మా వీధిలోనే కంచెలుగా పెరుగుతున్నాయి.