ఎం1 గరాండ్ విడిభాగాల ఆన్‌లైన్ వేలం: ఏళ్లుగా పాడుతున్నవాడి సమీక్ష

నేనుండేది టెక్సస్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన ఎం1 గరాండ్ రైఫిల్ అంటే నాకు ప్రాణం. దాని విడిభాగాల కోసం ఒక పెద్ద వేలం సైటును ఏళ్లుగా వాడుతున్నాను. స్ప్రింగులు, పిన్నులు, స్క్రూల వంటి మామూలు భాగాలకు సైటు బాగానే పనికొస్తుంది. చాలామంది చెప్పిన వస్తువే పంపుతారు, ప్యాకింగ్ కూడా శ్రద్ధగా చేస్తారు. ‘అరుదైనది’ అని రాసి పెట్టిన వాటి దగ్గరే అసలు గొడవ.

ఈ రైఫిల్‌ను సైన్యం 1936లో తీసుకుంది. యుద్ధకాలంలో ప్రభుత్వ కర్మాగారమైన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, వించెస్టర్ కంపెనీ కలిసి సుమారు 40 లక్షలు తయారుచేశాయి. యుద్ధం అయ్యాక డిపోల్లో వాటిని విప్పి, భాగాలన్నీ కలగలిపి, బాగున్నవాటితో మళ్లీ బిగించారు. అందుకే ఇవాళ దొరికే తుపాకీలో ఒక్కో భాగం ఒక్కో చోటిది. దాన్ని ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి రూపానికి తేవాలని మాలాంటివాళ్లం ఆ కాలపు డ్రాయింగ్ నంబరు (భాగం తయారీకి వాడిన నమూనా చిత్రం సంఖ్య) ఉన్న భాగాలే వెతుకుతాం. ధరంతా ఇనుము మీద కొట్టిన ఆ అంకెలది, అక్షరాలది. వాటిని కొత్తగా కొట్టడం దొంగకు పెద్ద పనేమీ కాదు.

ఆపరేటింగ్ రాడ్ (తూటా పేలినప్పుడు వచ్చే గ్యాసుతో కదిలి బోల్టును వెనక్కి లాగే కడ్డీ) సంగతే చూడండి. యుద్ధకాలపు రాడ్లు ఒక మూల దగ్గర పగుళ్లిస్తున్నాయని తర్వాత అక్కడ చిన్న గుండ్రటి గాడి కోశారు. కోత పడనివి తక్కువే మిగిలాయి కాబట్టి వాటి ధర కొన్ని రెట్లు ఎక్కువ. కొందరు ఆ గాడిని వెల్డింగ్‌తో పూడ్చి, నునుపు చేసి, పైన పూత వేసి అమ్ముతారు. ఒకసారి ఆ మూలను ఎండలో పెట్టి ఫొటో తీసి పంపమని అడిగాను. వేలం ముగిసే ముందు వచ్చిన జవాబు: ‘ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది.’ నేను పాడలేదు. వేరే ఎవరో చాలా పెద్ద మొత్తానికి పాడుకున్నారు. కొన్ని వారాలకు అవే గీతలతో అదే రాడ్ ఇంకొకరి పేరు మీద మళ్లీ వేలానికి వచ్చింది. ఈసారి ఫొటో స్పష్టంగా ఉంది. పూడ్చిన చోట రంగు తేడా కంటికి కనిపిస్తోంది. నాకు చాలా కోపం వచ్చింది. సైటుకు రాస్తే, వస్తువు అసలుదో కాదో తాము తేల్చలేమన్నారు.

చెక్క స్టాక్ (తుపాకీని పట్టుకునే చెక్క భాగం) మీద తనిఖీ అధికారి ముద్రలదీ ఇదే కథ. వించెస్టర్ వాటిలో చాలావాటి మీద డబ్ల్యూఆర్‌ఏ (కంపెనీ పేరు), జీహెచ్‌డీ (తనిఖీ అధికారి పేరు) అనే పొడి అక్షరాలు ఉంటాయి. ఎనభై ఏళ్ల చెమట, నూనె పట్టిన చెక్కలో ముద్ర అంచులు మెత్తబడాలి. సాండ్‌పేపర్ పట్టిన చెక్క మీద పదునుగా కనిపిస్తే వదిలేయండి. తొలినాళ్ల గ్యాస్ ట్రాప్ (గొట్టం కొసన గ్యాసును పట్టే పాత నమూనా) భాగాలనైతే చేత్తో పట్టుకుని చూడకుండా నేను అస్సలు కొనను.

దొంగ వేలంపాటలు (అమ్మేవాడే మారుపేరుతో ధర పెంచడం) కూడా ఎక్కువే. నిన్నగాక మొన్న తెరిచిన ఖాతా ఒకే అమ్మకందారు వస్తువుల మీదే ధర పెంచుతూ పోతుంది. అది గెలిస్తే ‘కొన్నవారు డబ్బు కట్టలేదు’ అంటూ వస్తువు తిరిగి వస్తుంది. పాడేముందు బిడ్ల చరిత్ర, పాత అమ్మకాల ధరలు చూడటం నాకు అలవాటైంది. ఎనిమిది తూటాలు పట్టే క్లిప్పు తుపాకీల ప్రదర్శనల్లో రెండు మూడు డాలర్లకే దొరుకుతుంది. దానికీ ‘యుద్ధకాలపు అరుదైన’ అని తగిలించి, షిప్పింగ్ పేరుతో మరికొంత లాగుతారు.

ఓడిపోయిన పాటకు ‘గెలిచినాయన తప్పుకున్నాడు, మీకే ఇస్తాం, డబ్బు నేరుగా పంపండి’ అని మెయిల్ వస్తే అస్సలు నమ్మొద్దు. క్రెడిట్ కార్డు తీసుకోనివాళ్ల దగ్గర నేను ఖరీదైనవి కొనను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం గరాండ్‌లో తుపాకీగా లెక్కలోకి వచ్చేది రిసీవరే (మిగతా భాగాలన్నీ బిగించే లోహపు ప్రధాన భాగం). మిగతా భాగాలు లైసెన్స్ డీలర్ చేతిలో పడకుండా నేరుగా ఇంటికి పోస్టులో వస్తాయి, మధ్యలో పరీక్షగా చూసేవాళ్లుండరు. పోస్టులో మోసం జరిగితే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు ఫిర్యాదు చేయవచ్చు. లిస్టింగ్ పేజీ, ఫొటోలు ముందే సేవ్ చేసుకోండి, తర్వాత అవి మాయమవుతాయి.

మన ఊళ్లో చూపిద్దామని గరాండ్‌ది ఒక్క బోల్టయినా సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకు బయలుదేరకండి. 1959 ఆయుధాల చట్టం కింద విడిభాగాలు కూడా ఆయుధాలే. లైసెన్స్ లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే కేసు.