కొత్త ఉద్యోగికి సామూహిక శిక్షణా, పక్కన ఒక సీనియరా?

మైసూరులోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో చేస్తున్నట్లు, కళాశాల నుంచి నేరుగా వచ్చినవారికి వసతి కల్పించి ఒకేచోట నెలల తరబడి తరగతులు నడపడం ఒక పద్ధతి. చేరిన మొదటిరోజే బృందంలోకి పంపి, కంపెనీలు ‘బడ్డీ’ అని పిలిచే ఒక సీనియర్‌ను తోడుగా ఉంచడం రెండోది.

వందలమంది ఒకేసారి చేరుతున్నప్పుడు మొదటిదే నయం. అందరికీ ఒకే పాఠం అందుతుంది, పీఎఫ్ కోసం ఫారం 11 నింపడం వంటి కాగితాల పని కూడా ఒక్కసారే తీరిపోతుంది.

అయితే సెలవు కావాలంటే ముందుగా ఎవరికి చెప్పాలి, ఏ మెయిల్‌కు వెంటనే జవాబివ్వాలి, సమావేశంలో అర్థం కానిదాన్ని అక్కడే అడగవచ్చా లేక తర్వాత విడిగా అడగాలా అన్న సంగతులను ఏ తరగతీ చెప్పదు. అవి పక్క కుర్చీలోని మనిషి ద్వారానే తెలుస్తాయి. అందుకే వేరే కంపెనీలో అనుభవం గడించి వచ్చినవారికి రెండో పద్ధతే సరిపోతుందని నా అభిప్రాయం. కాకపోతే, సొంత పనిభారం తగ్గించకుండా సీనియర్‌కు ఈ బాధ్యత అప్పగిస్తే (అలా అప్పగించేవారే ఎక్కువ), కొత్తవారు ప్రశ్న అడగడానికే మొహమాటపడతారు. ఆ సీనియర్ వారి మేనేజరు కాకూడదు. పనితీరును అంచనా వేసే వ్యక్తి ముందు తెలియదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.