24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్చి: ఆ లాగ్ పేజీ కోసమే మళ్ళీ ఇదే కొంటా, కానీ...

స్పీడు, పీఓఈ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు ఇచ్చేది), ఎన్ని వాట్లు అన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. అనంతపురం సాయినగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసుకి ఈ స్విచ్చి (పీసీలు, ప్రింటర్ల నెట్‌వర్క్ తీగలన్నీ కలిపే డబ్బా) నేనే పెట్టించినా, చానా కాలంగా నేనే చూసుకుంటాండా. క్లయింట్ల లెక్కలుండే చోటు కదా, ఎవరు పడితే వాళ్ళు లాప్‌టాప్ తెచ్చి గోడ సాకెట్‌కి తగిలించకూడదని అన్ని పోర్టులకీ 802.1ఎక్స్ (తానెవరో రుజువు చేసుకున్న మిషన్‌కే పోర్టు తెరిచే పద్ధతి) పెట్టినాం.

నాకు ప్రాణం ఈ స్విచ్చిలో ఆథెంటికేషన్ లాగ్ పేజీ, అంటే ఎవరిని రానిచ్చింది, ఎవరిని ఆపింది అని రాసుకునే పేజీ. నేను వాడిన పాత స్విచ్చిలు "ఫెయిల్డ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవి. ఇది యాడ ఆగిందో చెప్తాది. రిజెక్ట్ అని పడితే మాట రేడియస్ సర్వర్ (ఎవరిని రానియ్యాలో తేల్చే మిషన్) దాకా పోయింది, అక్కడ కాదన్నారు అని అర్థం, పాస్‌వర్డో సర్టిఫికెట్ గడువో చూసుకుంటే చాలు. సర్వర్ టైమౌట్ అంటే జవాబే రాలేదు, షేర్డ్ సీక్రెట్ (స్విచ్చికీ సర్వర్‌కీ మధ్య ఉండే రహస్య పదం) తేడా ఉన్నా ఫైర్‌వాల్‌లో సర్వర్ మాట వినే యూడీపీ 1812 పోర్టు మూసి ఉన్నా ఇదే పడుతుంది. పీసీయే జవాబియ్యలేదని పడితే విండోస్‌లో వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీసు (పీసీ తరఫున జవాబిచ్చేది అదే) ఆన్‌లో ఉందా చూడాల, అది మామూలుగా తనంతట తాను స్టార్ట్ కాదు. ఈ మూడు ముక్కలు విడివిడిగా తెలిస్తే సగం పని అయిపోయినట్లే.

దీని విలువ బాగా తెలిసింది మాత్రం ప్రింటర్ దగ్గర. జూలై నెలాఖరు, రిటర్నుల టైం, ఆఫీసులో నిలబడను సందు లేదు. కరెంటు పోయి వస్తే చాలు లేజర్ ప్రింటర్ పనిచేయదు. స్విచ్చి యూపీఎస్ మీద ఉంది, ప్రింటర్ లేదు. "అన్నా, పోర్టు లైటు వెలుగుతానే ఉంది, ప్రింటు మాత్రం రాల్యా" అని అక్కడి పిల్లోడు ఫోను. పోయి చూస్తే పోర్టు ఆథరైజ్డ్ అనే ఉంది, ప్రింటర్ ఐపీ మాత్రం 169.254తో మొదలైతాంది.

లాగ్‌లో లింక్ అప్ 11:02:05, మ్యాక్ (మిషన్‌కి పుట్టుకతో వచ్చే నంబరు) ఆథెంటికేషన్ సక్సెస్ 11:03:35. సరిగ్గా 90 సెకన్లు! ప్రింటర్‌కి 802.1ఎక్స్ రాదు కాబట్టి మ్యాక్ అడ్రస్‌తో లోపలికి రానిస్తాం, కానీ స్విచ్చి ముందు మామూలు పద్ధతిలోనే "ఎవరు నువ్వు" అని 30 సెకన్లకోసారి మూడు సార్లు అడిగి, జవాబు రాకపోతేనే మ్యాక్ చూస్తాది. అంతలోపల ప్రింటర్ డీహెచ్‌సీపీని (ఐపీలు పంచే సర్వీసుని) అడిగి అడిగి, విసిగి సొంతంగా ఏదో ఐపీ పెట్టుకుని కూర్చుంటాంది. స్టాటిక్ ఐపీ (మనమే చేత్తో పెట్టే ఐపీ) ఇచ్చేయొచ్చు కదా అంటారు, వీల్యాన్ (స్విచ్చి లోపల విడదీసిన నెట్‌వర్క్) మార్చినప్పుడల్లా ప్రింటర్ ముందర ఎవరు కూర్చోవాల? ఆ ఒక్క పోర్టుకి ఆ 30ని 5కి తగ్గించినా, మొత్తం 15 సెకన్లలో పోర్టు తెరుచుకుంటాంది. ఆ పొద్దు నుంచి ఫోను లేదు. పీసీల పోర్టులకి తగ్గించలేదు, నిదానంగా లేచే పాత మిషన్లు ఉన్నాయి, అవి జవాబిచ్చేలోపే స్విచ్చి మ్యాక్ చూసి కాదనేస్తాది.

ఇంత మెచ్చుకున్నాను గానీ ఒకటి చెప్పాల. ఈ లాగ్ స్విచ్చి ర్యామ్‌లోనే ఉంటాది. ఎండాకాలం కరెంటు గంటల కొద్దీ పోయి యూపీఎస్ కూడా దిగిపోతే, స్విచ్చి మళ్ళీ లేచేటప్పటికి పేజీ ఖాళీ, పైగా ఎన్‌టీపీ (సరైన టైం చెప్పే సర్వర్) దొరికేదాకా గడియారం ఏదో పాత తేదీ చూపిస్తాది. గొడవలన్నీ వచ్చేది ఆ టైంలోనే. అందుకని ఒక మిషన్‌లో సిస్‌లాగ్ (లాగ్‌లు అందుకుని దాచిపెట్టేది) పెట్టి అన్నీ అక్కడికి పంపిస్తాండా, అప్పటి నుంచే దీని మీద పూర్తి నమ్మకం.

ఆ ఆఫీసులో రేడియస్ సర్వర్ ముందే ఉంది, చూసుకోను నేనున్నా, కాబట్టి మాకు సరిపోయింది. నాలుగు పీసీల అంగడికైతే ఇంత ఖర్చు పెట్టమని నేను చెప్పను. మళ్ళీ కొనాల్సి వస్తే నేనైతే ఇదే తీసుకుంటా, సిస్‌లాగ్ మిషన్‌కి కూడా డబ్బులు పక్కన పెట్టుకుని.