బొమ్మ వెనకాల కాగితం కోసం క్యోటో దాకా

సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే బయల్దేరాను. జనవరి 19న ఒసాకాలో దిగడం, 26న తిరుగు ప్రయాణం. చెల్లెలు ఏడేళ్లుగా అక్కడే ఉంటోంది, జపనీస్ బాగా మాట్లాడుతుంది, అందుకే ఈ ట్రిప్ కుదిరింది. భాష రాకుండా ఇదే రూట్‌లో వెళ్తే సగం చోట్ల నవ్వి, తల వంచి దండం పెట్టి బయటికి రావాల్సిందే. చెర్రీ పూలు లేవు, ఎర్ర ఆకులు లేవు, పొద్దున పూట చలి సున్నా దగ్గర. అయినా నేను వెళ్లింది పూల కోసం కాదు, కకెజికుల కోసం.

కకెజికు అంటే జపాన్ ఇళ్లలో, గుళ్లలో గోడకు నిలువుగా వేలాడదీసే బొమ్మ. పని లేనప్పుడు చుట్టి పెట్టెలో పెట్టేస్తారు. బొమ్మ గీసేది ఒకరు. దాని వెనకాల కాగితాలు అంటించి, చుట్టూ పట్టుబట్ట అతికి, పైనా కిందా కర్రలు పెట్టి, చుట్టినా విప్పినా ముడత పడకుండా తయారుచేసేది ఇంకొకరు. ఈ రెండో పని పేరు హ్యోగు, చేసేవాళ్లు హ్యోగుషి. రెండేళ్లుగా ఇంట్లో నా అంతట నేను ఇంకు బొమ్మలు వేస్తున్నాను, ఒకదాన్ని ఇలా కట్టించుకోవాలని పిచ్చి పట్టింది. అదీ సంగతి.

ముందు బసల గొడవ. మొదటి రెండు రాత్రులు క్యోటోలో పాతకాలపు చెక్క ఇంట్లో బుక్ చేశాను, కేవలం ఫోటోలో తొకొనొమ కనిపించిందని. తొకొనొమ అంటే గదిలో కాస్త ఎత్తుగా కట్టిన చిన్న గూడు లాంటి చోటు, కకెజికు వేలాడేది అక్కడే. తీరా వెళ్తే ఆ గూట్లో టీవీ పెట్టి, పక్కన లాకర్ పెట్టి, వెనకాల ప్రింటు కొట్టిన ఒక ఫుజి కొండ బొమ్మ తగిలించారు. కింద కర్ర చివర్లు ప్లాస్టిక్. రాత్రికి 21,000 యెన్లు. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉన్నాయి, రాత్రి బాత్రూమ్‌కి దిగాలంటే టెన్షన్. చలికి చెల్లెలి స్వెటర్ మీద నా స్వెటర్ వేసుకుని పడుకున్నాను. మూడో రోజు కరసుమ దగ్గర మామూలు బిజినెస్ హోటల్‌కి మారిపోయాం, దాదాపు సగం ధర, అగ్గిపెట్టంత గది, కానీ వెచ్చగా ఉంది, కింద సబ్‌వే. పెద్ద సూట్‌కేసు మోసుకోకుండా హోటల్ నుంచి హోటల్‌కి పంపించే సర్వీసు ఉంది చూడండి, దానికి మాత్రం పదికి పది. సిటీ బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు. సబ్‌వే, బస్సు కలిపి 1,100 యెన్ల రోజు పాసు తీసుకుని వీలైనంత వరకు సబ్‌వేలోనే తిరగండి.

21వ తేదీ తోజి గుడి సంత. ప్రతి నెలా 21న జరుగుతుంది, జనవరిది ఏడాదిలో మొదటిది కాబట్టి జనం మన జాతర్లలాగే. పాత కకెజికులు బుట్టల్లో గొడుగుల్లా నిలబెట్టి అమ్ముతారు, వెయ్యి యెన్ల నుంచి మొదలు. చేతికి తీసుకున్నది విప్పి చూపించమంటే విసుక్కోకుండా చూపిస్తారు. నాకు ఒక కొంగ బొమ్మ నచ్చింది, 3,000 అన్నాడు, బేరం కూడా ఆడలేదు, పర్సు తీస్తుంటే చెల్లెలు కింద కర్ర చివర పట్టుకుని "అక్కా, ఇది దంతంలా ఉంది, చూడు" అంది. పాతవాటికి ఆ చివరి గుబ్బలు ఏనుగు దంతంతో చేసినవి చాలానే ఉంటాయి. అవి పట్టుకుని విమానం ఎక్కితే అంతే సంగతులు, అనుమతులు లేకుండా దంతం దేశాలు దాటించడం నేరం. నాకు తేడా పోల్చడం రాదు, అక్కడే వదిలేశాను. చెక్క, మట్టి, లక్క గుబ్బలున్నవి తీసుకుంటే ఏ గోలా లేదు. 25న కితానో తెన్‌మాంగూ గుళ్లో ఇలాంటిదే ఇంకో సంత ఉంటుంది, దానికి మేం వెళ్లలేకపోయాం.

క్యోటో నేషనల్ మ్యూజియం 1897లో తెరిచినది, పాత ఇటుక భవనం పక్కన 2014లో తెరిచిన కొత్త భవనంలో బొమ్మలు పెడతారు. సోమవారం సెలవు. అక్కడ నేను చేసిన పని ఏంటంటే, బొమ్మల్ని వదిలేసి చుట్టూ ఉన్న బట్టల్ని చూడటం. బొమ్మకు ఆనుకుని పైనా కిందా సన్నటి జరీ పట్టీ ఉంటుంది, దాని పేరు ఇచిమొంజి, మొత్తంలో ఖరీదైన గుడ్డ అదే. మన జరీ దారం కదా, అక్కడ కాగితానికి బంగారు రేకు అంటించి, వెంట్రుకలా సన్నగా కోసి నేస్తారు. ఇంకో సంగతి, బొమ్మ పైన వదిలే బట్ట కింది దానికి రెండింతలకు దగ్గరగా ఉంటుంది. కింద చాప మీద కూర్చుని తలెత్తి చూసేవాళ్లకి అలా ఉంటేనే బొమ్మ సరైన చోట కనిపిస్తుంది. నిలబడి చూస్తే ఏదో ఎత్తులో తేడా కొట్టినట్టుంటుంది, నేను గార్డు చూడకుండా ఒకసారి గొంతుక్కూర్చుని చూశాను, నిజమే. మ్యూజియం ఆవరణలోనే 1980 నుంచి మరమ్మతుల కేంద్రం ఉంది, కానీ మామూలు టిక్కెట్టుతో లోపలికి పంపరు. పరికరాలు, పనితనం చూడాలనుకునేవాళ్లు ఒకజాకిలో మియాకో మెస్సే భవనం కింది అంతస్తులో ఉన్న సంప్రదాయ కళల మ్యూజియంకి వెళ్లడం నయం. క్యోటోవి 74 రకాల చేతిపనులు ఒకేచోట ఉంటాయి, హ్యోగు కూడా.

"మీ కకెజికు మీరే చేసుకోండి" అని టూరిస్టుల కోసం గంట క్లాసు ఒకటి చేశాం, మనిషికి 4,500. దాని గురించి ఎక్కువ రాయను. రెడీమేడ్ ఖాళీ కకెజికు ఇస్తారు, దాని మీద మన కాగితాన్ని స్టిక్కర్‌లా అంటించడమే. పిల్లలతో వెళ్తే సరదా.

అసలు రోజు 22. చెల్లెలు నెల ముందు నుంచి ఫోన్లు చేసి ఒక చిన్న హ్యోగు దుకాణం పట్టింది, తండ్రి తర్వాత కొడుకు చేస్తున్న పని, సగం రోజుకి ఒక్కొక్కరికి 8,000. ఇద్దరిని మించి ఒప్పుకోరు. కానుకగా జానెడు చేర్యాల బొమ్మ ఒకటి తీసుకెళ్లాను. ఆ హ్యోగుషి దాన్ని రెండు చేతులతో అందుకుని, ముందు తిప్పి వెనక వైపు చూశారు. తర్వాతే బొమ్మ. ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి చేస్తారని చెల్లెలు చెప్తుంటే గోటితో అంచు మెల్లగా తాకి చూసి, ఇది చుట్టడానికే చేసింది, దీనికి నా అవసరం లేదు అన్నారు.

తర్వాత, కట్టించుకుందామని నేను తెచ్చిన నా తాటిచెట్టు ఇంకు బొమ్మ. ఆయన దూదిపుల్ల నీళ్లలో ముంచి, చెట్టు మొదట్లో ఒక మూల రెండు సెకన్లు ఆనించి తీశారు. దూది నల్లబడింది. నేను వాడింది సీసా ఇంకు, హైదరాబాద్‌లో స్టేషనరీ షాపులో కొన్నది. మసి, జంతువుల జిగురు కలిపి చేసే సుమి ఇంకు బాగా ఆరితే నీటికి ఇంతలా కదలదట, ఇది మాత్రం వెనకాల తడి కాగితం వేయగానే పారిపోతుంది. హ్యోగు మొత్తం నీటి పని అని నాకు అప్పుడు అర్థమైంది. రెండేళ్ల తాటిచెట్టు అక్కడితో సరి. మీరెవరైనా బొమ్మ తీసుకెళ్లాలనుకుంటే ఇంటి దగ్గరే ఈ దూదిపుల్ల పరీక్ష చేసుకుని వెళ్లండి.

చెల్లెలు రాసిన అక్షరాల కాగితం పాసైంది. దాన్ని బోర్లా పరిచి నీళ్లు చల్లారు, కాగితం అలలుగా ఉబ్బింది. ఊపిరి ఆగింది నాకు. వెడల్పాటి బ్రష్ మధ్య నుంచి అంచులకు లాగుతూ పోతే ఒక్కో అల బయటికి వెళ్లిపోయింది. ఇంకో బల్ల మీద మినో అనే ఊరి పేరుతో పిలిచే పల్చటి కాగితానికి జిగురు రాసి, సన్నటి కర్రతో ఎత్తి, తడి కాగితం వెనకాల ఒక అంచు నుంచి పడుకోబెట్టారు. తర్వాత నాకు ఒక ప్రాక్టీసు కాగితం ఇచ్చి చేయమన్నారు. నాది మధ్యలో పొక్కింది. దాన్ని నొక్కితే ముడతైంది. ఆయన ఏమీ అనకుండా మొత్తం ఊడదీసి, మళ్లీ చేయమన్నారు. అంత సులువుగా ఊడొచ్చింది.

జిగురు గురించి చెప్పకపోతే ఈ ట్రిప్ చెప్పినట్టే కాదు. మాడుగుల హల్వాకి గోధుమపాలు తీస్తారు కదా, అలా గోధుమ నుంచి తీసిన గంజిపిండినే ఉడకబెడతారు. మొదటి కాగితానికి తాజా జిగురు. తర్వాతి పొరలకు వాడేది పాతది. పాతది అంటే మనం అనుకునే పాత కాదు, ఏడాదిలో గడ్డకట్టే చలి రోజుల్లో, అంటే మేం వెళ్లిన ఆ జనవరి చివరి రోజుల్లోనే, ఉడికించి జాడీలో పోసి పదేళ్ల వరకు నిల్వ ఉంచుతారు. ఆయన ఒక జాడీ మూత తీశారు. పైన బూజు, కింద లేత గోధుమ రంగు ముద్ద, వాసన పులిసిన దోసెపిండి కంటే ఘాటు. పదేళ్లు ఉంచేది గట్టిపడటానికి కాదు, పట్టు తగ్గడానికి! గట్టి జిగురైతే ఎండాక అట్టలా బిగుస్తుంది, చుట్టితే విరుగుతుంది. పైగా వందేళ్ల తర్వాత ఇంకో హ్యోగుషి ఈ పొరలన్నీ విప్పి కొత్తవి వేయాలి, ఆయన చేతికి ఇది ఊడిరావాలి. మరి అంత బలహీనమైన జిగురు ఎలా పట్టుకుంటుంది అని అడిగితే, బరువైన దిట్టమైన బ్రష్ ఒకటి తీసి వెనక నుంచి దబదబ కొట్టి చూపించారు, నారలు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోయేలా. వీధి చివరికి వినపడుతుంది ఆ చప్పుడు. సినిమా పోస్టర్లకి మైదా ఉడకబెట్టే మా ఊరి మనిషి గుర్తొచ్చాడు, ఆయన లక్ష్యం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

బట్ట ఎంపిక దగ్గర నేను పరువు తీసుకున్నాను. ఆయన పది ముక్కలు పరిస్తే చీరల షాపులో లాగా ధగధగలాడేవన్నీ ముందుకు లాక్కున్నాను. ఆయన మాట్లాడకుండా ఒక్కోటి తీసేసి, బూడిద కలిసిన నీలం ముక్క పెట్టారు. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా చెల్లెలి రాత అంత బాగుందని నేనే అనుకోలేదు. పూర్తి పని అదే రోజు అవ్వదు. కాగితం పొరల అంచుల్ని, పర్సిమన్ అనే పండు పచ్చికాయల రసం పూసిన పెద్ద పలకలకు అంటించి, వారాల తరబడి ఆరనివ్వాలి. 38,000 యెన్లు, నాలుగు నెలల పైమాట అన్నారు. సరే అన్నాం.

24న యోషినోలోని కుజు అనే కాగితం చేసే చోటికి వెళ్లాం. క్యోటో నుంచి కింతెత్సు రైల్లో కషిహర జింగూ మాఎలో మారి యమతో కమిఇచిలో దిగాలి, రెండు గంటలు దాటుతుంది, ఆ తర్వాత బస్సు, అది ఎప్పుడో ఒకటి. తినడానికి ఏమీ దొరకలేదు, ఉదాన్ నూడుల్స్ రసంలో కూడా చేప ఉంటుంది కాబట్టి శాకాహారులు పొడి, పెరుగన్నం డబ్బాలో పెట్టుకోండి. కకెజికుకి చివరి పొరగా వేసే ఉద కాగితం తయారయ్యేది ఇక్కడే. దాని గుజ్జులో స్థానికంగా దొరికే తెల్లమట్టి కలుపుతారు, వాతావరణం మారినప్పుడు కాగితం సాగకుండా, ముడుచుకోకుండా. చేర్యాల సుద్దమట్టి మళ్లీ గుర్తొచ్చింది. ఇళ్ల ముందు చెక్క పలకల మీద తడి కాగితాలు ఎండలో ఆరుతున్నాయి, మన ఊళ్లలో వడియాల్లా. ఒక షీటు కొనుక్కున్నాను. ఒక్క రోజు తీసుకునే చోటు ఇది, కానీ తీరిక లేకపోతే మానేయండి, చూడటానికి గంట కంటే ఎక్కువ లేదు.

తయారైన కకెజికుని జూన్‌లో చెల్లెలు సెలవులకి వస్తూ తెచ్చింది, క్యాబిన్ బ్యాగులో, పౌలోనియా అనే చెట్టు చెక్కతో చేసిన పెట్టెతో సహా. వానాకాలంలో తీయొద్దని హ్యోగుషి చెప్పారట, తేమకి బూజు పడుతుంది. డిసెంబర్‌లో విప్పాం. మా ఫ్లాట్‌లో తొకొనొమ ఎక్కడిది, హాల్లో ఖాళీ గోడే లేదు. వెంకటేశ్వరస్వామి క్యాలెండర్‌ని వంటింట్లోకి మార్చి ఆ మేకుకే తగిలించాం. కింద కర్ర సోఫాకి తగులుతోంది, ఆదివారం సోఫా జరపాలి.