ఒంటి ప్లాటినం పరమాణువా, నానో కణమా: హైడ్రోజన్ తీయడానికి ఏది మేలు?

ఆమ్లంలో కరెంటు పెట్టి హైడ్రోజన్ తీసే కాథోడ్‌కు (రుణ ఎలక్ట్రోడ్‌కు) ఉత్ప్రేరకంగా ప్లాటినాన్ని మించింది లేదు. పేచీ అంతా దాన్ని ఎలా పరచాలన్న దగ్గరే. మార్కెట్లో దొరికే 20 శాతం ప్లాటినం-కార్బన్ పొడిలో లోహం 2-3 నానోమీటర్ల కణాలుగా ఉంటుంది. కణం లోపలున్న పరమాణువులకు పనే ఉండదు. నైట్రోజన్ చేర్చిన కార్బన్ మీద పరమాణువుల్ని విడివిడిగా నిలబెడితే దాదాపు ప్రతిదీ పనిలోకి వస్తుంది.

లెక్క చూడండి. 5 మిల్లీగ్రాముల పొడిని 1 మిల్లీలీటరు నీరు-ఐసోప్రొపనాల్‌లో, 20 మైక్రోలీటర్ల 5 శాతం నాఫియాన్‌తో (పొడిని అంటిపెట్టే పాలిమర్‌తో) కలిపి, ఐసునీళ్లలో పెట్టి అరగంట సోనికేట్ చేయాలి, అంటే అల్ట్రాసౌండ్‌తో కలియబెట్టాలి. 10 మైక్రోలీటర్లు 5 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ డిస్క్ మీద వేస్తే, చదరపు సెంటీమీటరుకు నానో పొడిలో ప్లాటినం 50 మైక్రోగ్రాములు. 1 శాతం లోహమున్న ఒంటి పరమాణువుల పొడిలో 2.5 మాత్రమే. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల కరెంటు వద్ద ఒక్కో ఒంటి పరమాణువు సెకనుకు 4 హైడ్రోజన్ అణువులు ఇవ్వాలి. నానో పొడిలో పరమాణువుకు సగటున 0.2 చాలు.

పని జరిగే తీరూ వేరే. కణం మీద పక్కపక్కనున్న రెండు హైడ్రోజన్లు జతకట్టగలవు. ఒంటి పరమాణువుకు పొరుగు లేదు గనక, పట్టుకున్న హైడ్రోజన్‌కు ద్రావణంలోని ప్రోటాన్, ఇంకో ఎలక్ట్రాన్ వచ్చి చేరాలి.

ఆమ్లంలో 10 మిల్లీఆంపియర్ల దగ్గరి ఓవర్‌పొటెన్షియల్ (చర్య నడవడానికి అదనంగా ఇవ్వాల్సిన వోల్టేజి) చూసి తీర్పు చెప్పకండి. ప్లాటినం ఎంత వేగమంటే, అక్కడ కనిపించే 30 మిల్లీవోల్టుల టాఫెల్ వాలు (కరెంటు పది రెట్లు కావడానికి పెంచాల్సిన వోల్టేజి) చాలావరకు హైడ్రోజన్ బయటికి పోయే వేగానిదే, ఉత్ప్రేరకానిది కాదు.

కొలతకు అసలు ముప్పు కౌంటర్ ఎలక్ట్రోడ్, అంటే కాథోడ్‌కు ఎదురుగా పెట్టి సర్క్యూట్ పూర్తిచేసేది. ప్లాటినం తీగ పెడితే అది కొద్దికొద్దిగా కరిగి వచ్చి మీ కాథోడ్ మీద పేరుకుంటుంది. వోల్టేజిని పదేపదే పెంచి తగ్గించే పరీక్ష సైకిళ్లు తిరిగేకొద్దీ పనితనం పెరుగుతుంటే ముందు దాన్నే అనుమానించండి. గ్రాఫైట్ కడ్డీ పెట్టి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్యలో మెంబ్రేన్ పొర వేయండి.

రెండో ముప్పు, ఒంటి పరమాణువులు కదిలి గుంపుకట్టడం. అందుకే పరీక్షకు ముందూ తర్వాతా, రెండు నమూనాలూ ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన ఎక్స్‌రేలిచ్చే యంత్రంలో) పరమాణువుల మధ్య దూరాలు చెప్పే ఎక్స్‌రే శోషణ పరీక్షకు పంపాలి. తర్వాతి నమూనాలో 2.77 ఆంగ్‌స్ట్రామ్‌ల ప్లాటినం-ప్లాటినం బంధం తేలితే, అవిక ఒంటివి కావు. ఎక్కువ కాలం నడవాల్సిన ఆమ్ల సెల్‌కు ఇప్పటికి నానో పొడికే మా ఓటు. లోహం పొదుపు, చర్య స్వభావం తెలుసుకోవడం లక్ష్యమైతే ఒంటి పరమాణువులకు.

బెంగళూరులో కొలిచేవారికి ఇంకో మాట. ఊరు 900 మీటర్ల ఎత్తున ఉండటంతో గాలి పీడనం 0.9 అట్మాస్ఫియరే, హైడ్రోజన్ రిఫరెన్స్ (వోల్టేజిని పోల్చి కొలిచే ఎలక్ట్రోడ్) సుమారు ఒకటిన్నర మిల్లీవోల్టు జరుగుతుంది. సముద్రమట్టంలో ఉన్న చెన్నై ల్యాబ్ అంకెలతో పోల్చేముందు ఇక్కడే కాలిబ్రేట్ చేసుకోండి.