రాక్షసుడి విల్లు మనిషి పట్టుకుంటే ఏ రూల్ మేలు?

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద ఆదివారం పూట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం: ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. నేను డీఎం, అంటే ఆటను నడిపేవాణ్ని. ఒక జయింట్‌ను (భారీ రాక్షసుణ్ని) పడగొట్టగానే మా బావమరిది అడిగాడు: "బావా, వాడి విల్లు నేను తీసుకోవచ్చా?" సరే అనేశాను. ఆ ఒక్క మాటకు వారమంతా పాత రూల్ పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది.

2003 నాటి 3.5 ఎడిషన్ లెక్క సూటిగా ఉంటుంది. ఆయుధం మన సైజు కంటే ఒక మెట్టు పెద్దదైతే గురికి వేసే డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద మైనస్ 2. లాంగ్‌బో డ్యామేజీ ఒక డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) నుంచి రెండు డీ6లకు (ఆరు ముఖాలవి) పెరుగుతుంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో డ్యామేజీ డైస్ రెట్టింపు, అంటే రెండు డీ8లు. బదులుగా డిజడ్వాంటేజ్: డీ20 రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లోనైతే పెద్ద ఆయుధంతో మనిషి తడబడతాడు, డ్యామేజీ మాత్రం పెరగదు. ఇక దాన్ని మోసేదెందుకు?

అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే. ఇరవైలో 13 సార్లు తగిలే గురి, డ్యామేజీకి ప్లస్ 3 అనుకుందాం. మామూలు విల్లుతో ఒక్కో బాణానికి సగటున 4.9 వస్తుంది. మైనస్ 2 పద్ధతిలో 5.5, డిజడ్వాంటేజ్‌తో 5.1. ఇరవైలో 8 సార్లే తగిలే గట్టి శత్రువు మీద మామూలు విల్లుకు 3, మైనస్ 2కు కూడా 3, డిజడ్వాంటేజ్‌కు 1.9. కాగితం మీద ఐదో ఎడిషనే కాస్త కఠినంగా కనిపించింది. దాన్నే పెట్టాను.

తర్వాతి ఆటకు చంద్రగిరి కోటను మ్యాప్‌గా గీశాను. మా వాడు కొండ మీద బండరాయి ఎక్కి, కింద రాజమహల్ ముందున్న శత్రువులను 200 అడుగుల నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. లాంగ్‌బోకు 150 అడుగులు దాటితే ఎలాగూ డిజడ్వాంటేజే. రెండు డిజడ్వాంటేజ్‌లు కలిసినా ఒకటే లెక్క! అంటే పెద్ద విల్లు పట్టినందుకు అదనంగా పోయేది సున్నా. దగ్గరికొచ్చిన వాళ్ల మీద ఇంకొకడు ఫేరీ ఫైర్ మంత్రం వేశాడు. అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం) వచ్చి ఆ డిజడ్వాంటేజ్‌ను కొట్టేసింది. బాణానికి 7.8. నా తల తిరిగిపోయింది.

3.5లో ఈ సందు లేదు. ప్రతి 100 అడుగులకూ ఇంకో మైనస్ 2 కలుస్తూ పోతుంది. అక్కడి నుంచే కొడితే దూరానికి 4, విల్లుకు 2, మొత్తం మైనస్ 6. అందుకే కత్తులకు ఏది పెట్టుకున్నా, విల్లుకు మాత్రం మైనస్ 2నే మేలంటాను.

దానికి నా సొంత షరతులు రెండు కలిపాను. బాణాలు కూడా జయింట్‌వే కావాలి. వాడి అమ్ములపొదిలో దొరికినవి పన్నెండే, ఒక్కోటి బల్లెమంత. రెండోది, పాత్రకు స్ట్రెంత్ (బలం) 15 ఉండాలి. ఇదే ఆట 2024 పుస్తకం లాంగ్‌బోకు డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 13 అడుగుతుంది గానీ, ఈ సైజు విల్లు వంచడానికి కావాల్సింది కండ. జనకుడి కొలువుకు శివధనుస్సు వచ్చిందే ఎనిమిది చక్రాల పెట్టెలో, ఐదు వేల మంది లాగితే.

మా బావమరిది పాత్రకు స్ట్రెంత్ 12. విల్లు ప్రస్తుతం గాడిద వీపు మీద ఉంది, కొనేవాడి కోసం వెతుకుతున్నారు.